చాలని తాడు

దర్జీ మోకాలు పాడైంది షటిల్ ఆటలో. అదీ అవుటుకు పోయే కాక్ కోసం. ఆదివారం పొద్దున బావమరిదితో ఆడుతూ, గీత దాటి ఎక్కడో పడబోయేదాన్ని ఎగిరి కొట్టబోయాడు. దిగేటప్పుడు మోకాల్లో టప్‌మని చప్పుడైంది. కిందపడి గిలగిల్లాడుతుంటే బావమరిది పరుగెత్తుకొచ్చి, "అది అవుటే కద బావా, వదిలేస్తే పోయేది" అన్నాడు. ఆ మాట కాలికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

లిగమెంటు తెగిందని తేల్చింది డాక్టరమ్మ. తెగినదాన్ని అతికితే నిలవదనీ, తొడ వెనక కండని ఎముకకి పట్టి ఉంచే తాడు ఒకటి తీసి, మోకాల్లో కొత్త లిగమెంటుగా బిగిస్తామనీ చెప్పింది.

"అక్కడ తీసి ఇక్కడ పెడితే, మరి అక్కడేం పెడతారమ్మా?" అని అడిగింది దర్జీ భార్య.

"అక్కడ ఇంకా ఉన్నాయి లెండి. అవి పని చూసుకుంటాయి. ఒకటి చాలకపోతే పక్కది కూడా తీస్తాం."

చివరి మాట దర్జీ చెవికెక్కలేదు. తన తొడకి బదులు బావమరిది తొడలోంచి తీస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు.

ఆపరేషన్ రోజు వెన్నుకి మత్తు సూది ఇచ్చారు. నడుం కింది భాగం తనది కాకుండా పోయింది గాని చెవులూ నోరూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఛాతీ దగ్గర ఆకుపచ్చ తెర కట్టారు. తల దగ్గర మత్తు డాక్టరు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెర అవతల డాక్టరమ్మ మోకాలి కింద, లోపలివైపు, చిన్న గాటు పెట్టి తాడు వెతుకుతోంది.

"దొరికింది. పిక్కవైపు ఈ పాయలు చూడు. వీటిని విడిపించకుండా లాగావంటే మధ్యలోనే తెగుతుంది" అని అసిస్టెంటుకి చెబుతోంది.

తాడు ఊడదీయడానికి ఆమె పొడుగాటి పిడి ఉన్న రింగు అడిగి తీసుకుంది. పైజమాలోంచి బొందు లాగేస్తున్నట్టు తొడలో ఏదో కదిలింది. నొప్పి లేదు, అభిమానం మాత్రం కొంచెం దెబ్బతింది.

"వచ్చేసింది. మంచి పొడుగుంది" అందామె. దర్జీ గర్వంగా మత్తు డాక్టరు వంక చూశాడు.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. "నాలుగు మడతలేసినా సన్నగానే ఉంది. ఇది చాలదు, రెండోది కూడా తీద్దాం" అని వినపడింది.

దర్జీ చెవులు రిక్కించాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట అంటున్నది తను. 'గుడ్డ చాల్లేదండీ, ఇంకో అర మీటరు తెండి' అన్నప్పుడల్లా దుకాణం మూల సంచిలో ఒక ముక్క పెరిగేది. ఇంట్లో దిండు గలీబులన్నీ అలా పుట్టినవే.

"డాక్టరమ్మా" అని పిలిచాడు. "సరిగ్గా కొలిచారా?"

"కొలిచామండీ. ఏడు మిల్లీమీటర్లే వచ్చింది. ఎనిమిదైనా ఉండాలి."

"అందరం అలాగే చెబుతామమ్మా. ఇంకోసారి కొలవండి."

డాక్టరమ్మ మళ్లీ కొలిచింది. "ఇంకోసారీ ఏడేనండీ."

"సరే, ముక్క మిగిలితే నాకే ఇవ్వాలి మరి."

"ఏం చేసుకుంటారు?"

"నాది కాబట్టి" అన్నాడు దర్జీ.

మత్తు డాక్టరు మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు. "కాస్త నిద్ర మందు ఇమ్మంటారా మేడమ్?"

"వద్దు, మాట్లాడనివ్వండి. మా అసిస్టెంటుకి కొలతలంటే భయం పెరుగుతోంది."

రెండోదీ వచ్చింది. రెండూ కలిపి మడిచి, కొసలు దారంతో కుట్టాక, డాక్టరమ్మ దూరం నుంచే పైకెత్తి చూపించింది. తెల్లగా, వేలంత లావుంది. దర్జీ మెడ సాచి కుట్లు చూశాడు. దగ్గరదగ్గరగా, ఒక్కటీ వంకర లేదు. వంక పెడదామని వెతికి, దొరక్క, "బాగుంది" అన్నాడు. ఇంకొకరి కుట్టుని ఆయన మెచ్చుకోవడం పుట్టాక అదే మొదలు.

మర్నాడు వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి కాలు నిటారుగా ఎత్తమంది. తొడ ససేమిరా అంది. పళ్లు బిగించి, మంచం పట్టె పట్టుకుని, భార్య చెయ్యి నలిపేస్తే, మడమ పరుపు మీంచి రెండువేళ్ల మందం లేచింది.

"లేచిందండీ" అంది భార్య, చెయ్యి విదిలించుకుంటూ. ఆమె కళ్లు చెమర్చాయి, నలిగిన చేతికో, లేచిన కాలికో.

ఆమె భోజనం తేవడానికి ఇంటికెళ్లింది. దర్జీ ఎదుటి మంచం ఆయనకి సంగతి చెప్పాడు, బెత్తెడు లేచిందని. పక్క మంచానికి చేరేసరికి జానెడైంది. సాయంత్రం బావమరిది చూడ్డానికి వచ్చేసరికి మూరెడు.

"ఏదీ, ఎత్తు బావా" అన్నాడు బావమరిది.

దర్జీ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "పొద్దుట్నించీ ఎత్తీ ఎత్తీ అలిసిపోయింది, పడుకోనీ" అన్నాడు.