దించిన పండు

తొక్క మరీ మందంగా ఉంది, నా భార్య తుయెత్ బతికుంటే గోటితో గీరి వాసన చూసిగానీ పంపరపనస కొననిచ్చేది కాదు, నేనేమో చేతికందింది తెచ్చి పొద్దున ఆమె ఫోటో ముందు పెట్టాను, అగరొత్తి ఆరాక దించి సంచిలో వేసుకుని ఈ శిక్షణ గదికి వచ్చాను, ఇక్కడ నా పని కష్టంలో ఉన్నవాడిలా నటించడం, శాన్ హోసేలో మా వియత్నాం ముసలివాళ్లతో ఎలా మాట్లాడాలో కౌన్సెలింగ్ చదివే పిల్లలకు నా మీదే అలవాటు చేయిస్తున్నారు, ఎదురుగా న్యుంగ్, ఇక్కడే పుట్టిన పిల్ల, ఈ పరీక్ష ఒకసారి తప్పింది, ఇవాళ కూడా తప్పితే కోర్సులోంచి పంపేస్తారు, గోడ పక్కన మార్తా మేడమ్ కలం పట్టుకుని కూర్చుంది, మీకెలా అనిపిస్తోంది పెద్దనాన్నా అని న్యుంగ్ అడిగింది, ఏమనిపిస్తుందమ్మా, మోకాళ్లు నొప్పి, నిద్ర పట్టదు, నాకిచ్చిన కాగితంలో భార్య పోయి రెండేళ్లని రాసుంది, నాకూ అంతే, ఊరికే కూర్చోలేక పండు వలిచి ఒక తొన చాపాను, తిను తల్లీ, మీ పెద్దమ్మ ఫోటో ముందు నుంచి దించింది, ఆ పిల్ల చెయ్యి గాల్లో ఆగింది, సాయం కోసం వచ్చినవాళ్ల చేతి తిండి ముట్టకూడదన్నది వాళ్ల మొదటి పాఠం, పోయిన వారం ఒకామె చిరునవ్వుతో వద్దంది, ఆమెకు పూర్తి మార్కులు, నేను మాత్రం ఆమెతో గంటసేపూ మోకాళ్ల గురించే చెప్పాను, న్యుంగ్ తీసుకుంది, మేడమ్ ఏదో గీకింది, అబ్బ ఇంత పులుపా పెద్దనాన్నా, పెద్దమ్మ తిట్టలేదా, తిట్టకుండా ఉంటుందా, నీ వియత్నామీస్ కంటే పచ్చిగా ఉందంటుంది, న్యుంగ్ పకపకా నవ్వింది, నవ్వు ఆపి, మరి దించినవి రోజూ ఎవరితో తింటారు అంది.

ఎవరితో, తుయెత్ వాళ్లమ్మ ఫోటో ముందు నుంచి దించినవన్నీ మెట్ల మీద నిలబడి పంచేది, పక్కింటి మెక్సికో ఆవిడకు కూడా, ఒక్కళ్లమే తింటే పెట్టినట్టే కాదనేది, రెండేళ్లుగా సగం తిని సగం చెత్తబుట్టలో వేస్తున్నాను తల్లీ, వేసేటప్పుడు ఫోటో వైపు చూడను, ఇది కాగితంలో లేదు, అయినా చెబుతున్నాను, న్యుంగ్ అడక్కుండానే ఇంకో తొన తీసుకుని నిదానంగా నమిలింది, మేడమ్ కలం కదలడం లేదు, ఇప్పుడు నా అభిప్రాయం అడుగుతుంది, చెబుతాను, ఈ పిల్ల తప్పలేదు మేడమ్, నేనే దొరికిపోయాను, ఇన్ని వారాలూ ఈ కుర్చీలో కూర్చున్నది నటించేవాడు కాదు, సాయం ఎలా అడగాలో తెలియక వచ్చిన మనిషి.