ఏదో బొమ్మలు వేసుకుంటుంది

ఆదివారం భోజనానికి మా ఆయన మేనేజరు దామోదర్ గారి కుటుంబం వస్తున్నారంటే, శనివారం పొద్దున్నే గారెలకి పిండి రుబ్బుతున్నాను. హాల్లో చక్రపాణి, అంటే మా ఆయన, ఫోన్లో మాట్లాడుతున్నారు.

"రేపు కుదరదా? అయితే ఇవాళే వచ్చేయండి, ఐదింటికి. అబ్బే, దమయంతికి పనేముంటుందండీ? ఏదో బొమ్మలు వేసుకుంటుంది."

గ్రైండర్ ఆపేశాను. ఇవాళ ఐదింటికి పక్క ఊరి ఆర్ట్ సెంటర్‌లో నా ఐర్లాండ్ చిత్రాల ప్రదర్శన మొదలవుతుంది. వచ్చినవాళ్ళతో నేను మాట్లాడాలి. ఆ ఆహ్వానం కార్డు నెలరోజులుగా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఆయన పాలకోసం రోజూ తీసే తలుపే.

అసలు ఆ 'వేసుకుంటుంది' అనే మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన కోడ్ రాస్తారు, రాసుకోరు. పని చేస్తారు, చేసుకోరు. నేను కూడా వంట చేస్తాను, గిన్నెలు తోముతాను, పిల్లని క్లాసులకి డ్రైవ్ చేస్తాను, ఆయన స్నేహితులొస్తే గారెలు వేస్తాను. వాటిలో ఒక్కదానికీ 'కుంటుంది' తగిలించరు, ఎందుకంటే అవన్నీ వాళ్ళకోసం. నాది అంటూ నేను చేసే ఒకే ఒక్క పనికి మాత్రం ఆ తోక తగిలించి, దాన్ని గోళ్ళరంగు పక్కన పెట్టేస్తారు.

2009లో ఆయన ప్రాజెక్టు మీద ఐర్లాండ్‌లోని గాల్వే వెళ్ళి ఏడాదిన్నర ఉన్నాం. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో లాగే అక్కడా నాకు ఉద్యోగం చేసే వీలు లేని వీసాయే. పిల్లని స్కూల్లో దింపి, బస్సెక్కి సముద్రం వైపు పోయేదాన్ని. చెట్టన్నదే లేని బూడిదరంగు రాతినేల, పగుళ్ళలో ఊదాపూలు, నిమిషానికో రంగు మారే ఆకాశం. పొలాల చుట్టూ సున్నం, సిమెంటు లేకుండా ఉత్త రాళ్ళు పేర్చిన గోడలు. సందుల్లోంచి అవతలి వెలుగు కనబడేది. మనిషిని తోసేసేంత గాలిలో అవి కూలకుండా ఎలా నిలబడ్డాయా అనుకునేదాన్ని. ఒకరోజు గోడ దగ్గరగా నిలబడితే తెలిసింది. ఆ సందులే గాలిని పోనిస్తున్నాయి. ఎందుకో అక్కడే కూర్చుని ఏడ్చాను. నా రోజులో అలాంటి సందు ఒక్కటీ లేదు మరి. ఆ మధ్యాహ్నమే మొదటి గోడ బొమ్మ వేశాను.

తిరిగొచ్చాక లైబ్రరీలో పెట్టిన మొదటి ప్రదర్శనకి మా తెలుగువాళ్ళూ వచ్చారు. "ఈ రాళ్ళేంటండీ, చక్కగా రాధాకృష్ణుల్ని వేయొచ్చుగా!" అంది దామోదర్ గారి భార్య విజయశ్రీ. "అంత దేశం చూపిస్తే మా ఆవిడకి రాళ్ళే కనబడ్డాయి," అని ఈయన నవ్వారు. ఆ తరవాత అందరూ నేను చేసి తీసుకెళ్ళిన సమోసాలు చాలా బాగున్నాయన్నారు.

పిండి చేతులతోనే హాల్లోకి వెళ్ళాను. "ఇవాళ నా ఎగ్జిబిషన్."

"ఓ, ఇవాళేనా?" టీవీలోంచి కళ్ళు తిప్పలేదు. "నెలంతా ఉంటుందిగా, బొమ్మలెక్కడికి పోతాయి? నీకు హెల్త్ బాలేదని మెయిల్ పెట్టేయ్. అన్నట్టు, ఆ పెద్ద గోడ పెయింటింగ్ ఉంది చూడు, అది దామోదర్ గారికి గిఫ్ట్ ఇద్దాం. ప్రమోషన్ టైమ్ కదా."

"అది అక్కడ గోడకి తగిలించి ఉంది."

"తీసేయమను. నీదేముంది, ఇంకోటి వేసుకుంటావు."

వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. పిండిగిన్నె మీద మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను, ఆ ఆహ్వానం కార్డు తీసి పర్సులో వేసుకున్నాను. నాలుగింటికి పైకెళ్ళి, ఇన్నాళ్ళూ ఎవరి పెళ్ళికో దాచుకున్న ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని దిగాను.

ఆయన అప్పుడు చూశారు. "ఎక్కడికి? మరి వచ్చేవాళ్ళకి గారెలో?"

కారు తాళాలు తీసుకున్నాను.

"నేను బొమ్మలు వేస్తానండీ, వేసుకోను. గారెలు మీరు వేసుకోండి."