ఆఖరి బంతి లేచేదాకా

వెంకటనరసమ్మగారు అన్నం పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి అవతలికి నెట్టేశారు. ఇలా నెట్టెయ్యడం ఇది పదకొండో రోజు.

"తినకపోతే శనివారం డాక్టరుగారొచ్చి ముక్కులోంచి గొట్టం వేసేస్తారు మామ్మగారూ!" అంది పెర్సిస్. అనేసి వెంటనే నాలిక కరుచుకుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. నిన్న జరిగిందేదో, ముప్ఫయ్యేళ్ళ కిందట జరిగిందేదో కలగాపులగమైపోయిన మనిషి. ఆవిణ్ణి గొట్టం పేరు చెప్పి భయపెట్టడమేమిటి, నర్సుకి బుద్ధి ఉండక్కర్లేదూ!

తాడేపల్లిగూడెంలో ఒకప్పుడు రైసుమిల్లు వాళ్ళది అయిన పాత మేడలో ఉంది ఆ వృద్ధుల సంరక్షణ కేంద్రం. మొత్తం ఇరవై రెండు మంది పెద్దవాళ్ళు. పెర్సిస్ అక్కడ ఆరేళ్ళుగా నర్సు. పని రాక్షసి. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, అది చాలావరకు తన మీద తనకే.

వెంకటనరసమ్మగారు వచ్చి మూడు నెలలైంది. మేనల్లుడు తెచ్చి చేర్పించాడు. చేరిన రోజు నలభై ఆరు కిలోలున్న మనిషి ఇప్పుడు ముప్ఫై తొమ్మిది. పెర్సిస్ చూడనిదంటూ లేదు. నోట్లో పుండ్లు లేవు, జ్వరం లేదు, విరేచనం సవ్యంగానే అవుతోంది, రక్త పరీక్షలు బాగానే ఉన్నాయి. మంచినీళ్ళిస్తే దగ్గకుండా, పొలమారకుండా శుభ్రంగా మింగుతున్నారు. మింగగలిగిన మనిషి ఎందుకు మింగడంలేదు? ఆ ప్రశ్నకి జవాబు ఏ పరీక్షలోనూ రాలేదు.

వేసవిలో ఒకసారి ఆసుపత్రిలో గొట్టం వేస్తే ఆవిడ దాన్ని పీకి పారేశారట. అందుకని మేనేజరు శ్రీహరి ఈసారి ముందుజాగ్రత్త పడ్డాడు. చేతుల్ని మంచం కమ్మీలకు కట్టడానికి మందపాటి గుడ్డ పట్టీలు రెండు కుట్టించి తెచ్చి మందుల గదిలో పెట్టాడు. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ కూడా చేయించాడు మహానుభావుడు. వాటిని చూసినప్పుడల్లా పెర్సిస్‌కి తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడెయ్యాలనిపించేది. గొట్టం వేశాక ఆ చేతులు ఇక మళ్ళీ విప్పరు. ఇది ఆమెకి తెలుసు, ఇదివరకు ఇద్దరి విషయంలో చూసింది.

గురువారం సాయంత్రం బస్సు దిగి, గణపవరం రోడ్డులో ఉన్న వాళ్ళ ఊరికి చేరేసరికి అమ్మ దానమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పెర్సిస్ సంచీ పడేసి అక్కసంతా వెళ్ళగక్కింది.

"ఎంత మొండి మనిషో అమ్మా! ఎడం మణికట్టు మీద నూనె పడి కాలిన తమలపాకంత మచ్చ ఉంటుంది. ఆ చేత్తోనే పళ్ళెం మీద పళ్ళెం బోర్లించేసి, మహారాణిలాగా ఇటు తోసేస్తుంది."

దానమ్మ చేతిలో చింతపండు అలాగే ఆగిపోయింది. "పేరేంటే ఆవిడది?"

"వెంకటనరసమ్మ అని."

"ఓరి దేవుడా! మన వంటల వెంకటనరసమ్మగారే! ఆవిణ్ణి పట్టుకుని మొండిదంటావా? నీకు కళ్ళు పోతాయి!"

పెర్సిస్ తెల్లబోయింది. కేంద్రంలో చేర్చుకున్న కాగితంలో 'వృత్తి' అన్నచోట మేనల్లుడు అడ్డగీత కొట్టాడు. పెళ్ళిళ్ళకు వంట చేసేదని రాయడానికి నామోషీ కాబోలు.

"ఆవిడ చెయ్యి పడకుండా ఈ చుట్టుపక్కల పెళ్ళి జరిగేదంటే?" అంటూ దానమ్మ మొదలెట్టింది. "అయిదొందల మందికి ఒంటి చేత్తో గుండిగలు వండి దింపేది. ఆఖరి బంతి భోజనం చేసి లేచేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేది కాదు. ఎవరన్నా మర్యాదకని ముందే విస్తరేసి పెడితే, దాని మీద ఇంకో ఆకు బోర్లించి పక్కన పెట్టేసేది. ఆఖరి బంతంటే మాదేలే. అంట్లు తోమేవాళ్ళం, ఆకులెత్తేవాళ్ళం. వేరే చోట్ల మాకు మిగిలినవన్నీ ఒకే గిన్నెలో పడేసి ఇచ్చేవాళ్ళు. ఆవిడున్న చోట మాత్రం మాక్కూడా విస్తరే, నెయ్యే..."

ఆ చివరి మాటలు పెర్సిస్ చెవిన పడలేదు. ఆమె బుర్ర అప్పటికే తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది.

ఎందుకంటే కేంద్రంలో ఒక నియమం ఉంది. ఎవరికి ఓపిక తక్కువో వాళ్ళకి పదకొండున్నరకే, అందరికంటే ముందు తినిపించెయ్యాలి. మిగతావాళ్ళు పన్నెండున్నరకి. ఎంతో దయగల నియమం. అది పెట్టించింది ఎవరనుకున్నారు? పెర్సిసే! శ్రీహరితో పోట్లాడి మరీ పెట్టించింది. ఊరందరికీ వండి వడ్డించాక తినే మనిషికి, అందరికంటే ముందు పళ్ళెం పెట్టి తినమంటే ఎలా తింటుంది?

శుక్రవారం పెర్సిస్ వెంకటనరసమ్మగారిని చక్రాల కుర్చీలో భోజనాల హాలుకి తీసుకొచ్చి, అందరూ కనబడేటట్టు ఒక పక్కన కూర్చోబెట్టింది. పెద్దవాళ్ళందరికీ వడ్డన మొదలైంది. మొదటి పళ్ళెంలో అన్నం పడిందో లేదో, మూడు నెలలుగా గోడను తప్ప దేన్నీ చూడని ఆ కళ్ళు కదిలాయి. ఒక్కో పళ్ళెం మీద ఆగి, తరవాతి పళ్ళేనికి పోయాయి. కొల్లేటి పక్క నుంచి వచ్చిన అబ్బాయిరాజుగారు ఎప్పట్లాగే పప్పులో ఉప్పు లేదని గొణుక్కుంటుంటే ఆవిడ చెయ్యి ఎత్తి, అటు వెళ్ళమన్నట్టు వేలు చూపించారు. పెర్సిస్‌కి ప్రాణం లేచొచ్చింది.

అందరూ తిని లేచారు. పెర్సిస్ పరుగున పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

వెంకటనరసమ్మగారు పళ్ళెం వైపు చూశారు. హాలంతా కలియజూశారు. గుమ్మంలో బకెట్టుతో నిలబడ్డ ఆయా యేసమ్మ దగ్గర ఆ చూపు కాసేపు ఆగింది. తరవాత, ఖాళీ పళ్ళెం ఒకటి తీసుకుని అన్నం మీద బోర్లించేశారు.

"చూశారుగా సిస్టర్" అన్నాడు శ్రీహరి. చెడ్డవాడు కాదు గానీ, ఏదైనా సంతకం అయిపోతే అక్కడితో అతని మనసు నిమ్మళిస్తుంది. "మేనల్లుడుగారి సంతకం కూడా అయిపోయిందండి. రేపు పన్నెండింటికి ఏలూరు నుంచి డాక్టరుగారొస్తున్నారు. ఇంక పంతాలొద్దండి."

పెర్సిస్ మందుల గదిలోకి పోయి, ఆ ఇస్త్రీ పట్టీల ఎదురుగా నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక మొహం కడుక్కుని, రోజూ లాగే సింకు పక్కన నిలబడి క్యారేజీ మూత తీసింది. టైము మూడున్నర.

"ఇప్పుడా సిస్టర్ తినడం?" అంది అటుగా వచ్చిన యేసమ్మ.

"నువ్వు తిన్నావా ఏంటి?"

"నాకెక్కడండీ, ఇంకా అంట్లుంటేనూ!"

పెర్సిస్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంట్లు తోమేవాళ్ళం, ఆకులెత్తేవాళ్ళం. ఆఖరి బంతంటే మాదేలే. అమ్మ చెబుతూనే ఉంది, తను విననే లేదు. ఇవాళ ఆవిడ యేసమ్మ వైపు ఎందుకు చూశారో ఇప్పుడు తెలిసింది. ఆవిడ లెక్క ప్రకారం బంతి ఇంకా లేవనే లేదు!

శనివారం పదకొండింటికే పెద్దవాళ్ళ భోజనాలు ముగించేసింది పెర్సిస్. ముగించి, హాలు మధ్యలో చాపలు పరిపించి, బజారు నుంచి తెప్పించిన విస్తళ్ళు వరసగా వేయించింది. యేసమ్మ, వంట చేసే సీమోను, గేటు దగ్గరుండే సత్తిరాజు, ఊడ్చేవాళ్ళిద్దరు, అందరినీ రెక్క పుచ్చుకుని కూర్చోబెట్టింది. గుమ్మంలో తొంగిచూసిన శ్రీహరిని కూడా వదల్లేదు.

"నేనెందుకండీ?"

"మీరూ ఇక్కడ పనిచేసేవాళ్ళే కదండీ. కూర్చోండి సార్, పన్నెండు దాకా టైము నాది!"

శ్రీహరి చెప్పులు విప్పి చాప చివర కూర్చున్నాడు.

వెంకటనరసమ్మగారి కుర్చీకి ముందు చెక్క బల్ల తగిలించి, దాని మీద పప్పు గిన్నె పెట్టి, చేతికి గరిటె ఇచ్చి, కుర్చీని విస్తళ్ళ వరస పక్కకి తోసింది పెర్సిస్. ఆ చెయ్యి వణికింది. రాటకు అల్లుకున్న తీగలాగా వేళ్ళు ఒక్కొక్కటే గరిటె కాడ చుట్టూ బిగుసుకున్నాయి. వణుకు ఎటు పోయిందో మరి, కనబడలేదు. యేసమ్మ ఎత్తి పట్టిన విస్తట్లో పప్పు పడింది, ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"అడిగించుకోకూడదు" అన్నారు వెంకటనరసమ్మగారు.

పెర్సిస్ ఉలిక్కిపడింది. మూడు నెలల్లో ఆవిడ నోట్లోంచి పూర్తిగా వచ్చిన మొదటి మాట అది.

"అడగకముందే వెయ్యాలి. మారు వెయ్యాలి. నెయ్యేదీ?"

"తెస్తున్నానండీ!" అని సీమోను విస్తరి ముందు నుంచి లేవబోతే, "తినేవాడు లేవకూడదు, కూర్చో!" అని ఆవిడ గదమాయించారు. అబ్బాయిరాజుగారు కుర్చీలోంచి చప్పట్లు కొట్టి, "ఏవండీ, నాకు మళ్ళీ ఆకలేస్తోందండీ!" అన్నారు.

చారు గిన్నె పొగలు కక్కుతోంది. ఊడ్చే పిల్ల కూర్చున్న చోటినుంచే దాన్ని ఒట్టి చేతులతో అందుకోబోయింది.

"చెయ్యి కాల్చుకుంటావా? మసిగుడ్డేదీ?"

మసిగుడ్డ ఎక్కడుందో ఎవరికీ గుర్తు రాలేదు. పెర్సిస్‌కి మాత్రం వేరే గుడ్డ గుర్తొచ్చింది. మందుల గదిలోకి పరిగెత్తి, ఇస్త్రీ మడత నలగని ఆ రెండు పట్టీలూ పట్టుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. వెంకటనరసమ్మగారు పట్టీల మందం వేళ్ళతో నలిపి చూసుకుని, "మంచి గుడ్డే" అని, వాటితో గిన్నె చెవులు పట్టుకోవడం ఎలాగో ఊడ్చే పిల్లకు చూపించారు.

చివరికి ఆవిడ తలెత్తి పెర్సిస్‌ని చూశారు.

"నువ్వెందుకు నిలబడ్డావమ్మాయ్? తిన్నావా?"

ఆరేళ్ళు. ఎంతమందికి ముద్దలు కలిపి పెట్టిందో, ఎంతమంది మూతులు తుడిచిందో లెక్కేలేదు. ఈ హాల్లో నిలబడి ఒక్కరైనా ఆ మాట అడగలేదు. పెర్సిస్ యేసమ్మ పక్కన కూర్చుంది. విస్తట్లో అన్నం, పప్పు, దాని మీద నెయ్యి పడ్డాయి. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే తినేసింది.

బంతి లేచింది.

పెర్సిస్ చెయ్యి కడుక్కుని, ఆవిడ నడుము వెనక దిండు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా చిదిపిన పప్పన్నం పళ్ళెం ముందు పెట్టింది. ఆవిడ చిన్న ముద్ద కలుపుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. పెర్సిస్ కళ్ళు ఆవిడ గొంతు మీదే ఉన్నాయి. గొంతు కదిలింది. దగ్గు లేదు. ముద్ద దిగింది! రెండోది, మూడోది, నాలుగోది.

అయిదో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆవిడ గుమ్మం వైపు చూసి, ఖాళీ పళ్ళెం కోసం తడుముకోసాగారు. పెర్సిస్ వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో డాక్టర్ మధుబాబు, చేతిలో గొట్టం ప్యాకెట్టు.

"ఆ అబ్బాయి తిన్నాడా?" అన్నారు వెంకటనరసమ్మగారు.

"లేదమ్మా, ఏలూరు నుంచి తిన్నగా..." అని డాక్టరు ఇంకా ఏదో చెప్పబోయాడు.

"బూట్లు విప్పి కూర్చోండి సార్!" అంది పెర్సిస్. "దయచేసి ఏమీ అడక్కండి, ముందు కూర్చోండి!"

హాల్లో అందరి మొహాలూ చూశాడు డాక్టరు. సగం ఖాళీ అయిన పళ్ళేన్నీ చూశాడు. తెలివైనవాడు, ఇట్టే గ్రహించాడు. ప్యాకెట్టు కిటికీలో పెట్టి, బూట్లు విప్పి చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెంకటనరసమ్మగారు అడగకుండానే రెండుసార్లు మారు వేశారు. అతను తిని, విస్తరి మడిచి లేచాక, ఆవిడ మళ్ళీ తన పళ్ళెం దగ్గరికి లాక్కుని, అడుగు కనబడేదాకా తిన్నారు.

డాక్టరు చెయ్యి కడుక్కొచ్చి కేసు కాగితం మీద గొట్టం మాట ఉన్న వరస అడ్డంగా కొట్టేసి సంతకం చేశాడు. సంతకం చూడగానే శ్రీహరి మనసు కూడా నిమ్మళించింది. పెర్సిస్ చేర్చుకున్నప్పటి కాగితం తీసి, 'వృత్తి' అన్నచోట ఉన్న అడ్డగీత పక్కన 'పెళ్ళిళ్ళ వంట, అయిదొందల మందికి' అని పెద్దక్షరాలతో రాసింది.

"రేపెంతమందమ్మాయ్?" అన్నారు వెంకటనరసమ్మగారు మూతి తుడిపించుకుంటూ.

"ఇరవై తొమ్మిది మందండీ, మామ్మగారూ. నాతో కలిపి."

"అయితే ఆ గుడ్డలు ఉతికి ఆరెయ్యి. పొద్దున్నే కావాలి."

పెర్సిస్ చారు మరకలు పడ్డ ఆ రెండు పట్టీలూ ఉతికి, వంటింటి తలుపు పక్కన, అందరికీ కనబడేటట్టు మేకుకు తగిలించింది.