ఫోన్లలో మిగిలిపోయిన ఆరున్నర

లాంచీ రేవు ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే ఆ అమ్మాయిని అందరూ సర్వరమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది లాంచీ నడిపే మావయ్య. ఆమెకు అత్తగారి తమ్ముడు. నోరు ఊరికే ఉండని మనిషి.

ఆమె రాకముందు, వాన పట్టిందంటే ఊళ్ళో సగం మంది ఒక్కసారే ఫోను తీసి, లాంచీ ఎన్నింటికో చూద్దామని రేవు వెబ్‌సైటు తెరిచేవారు. అడిగిన ప్రతి ఒక్కరి కోసం సర్వర్ వేళల పట్టిక వెతికి, పేజీని మొదటినుంచీ తయారుచేసి ఇచ్చేది. అంతమందికి చెయ్యలేక చతికిలబడేది. సర్వరమ్మ వచ్చి క్యాషింగ్ పెట్టింది. అంటే పేజీని ఒకసారి తయారుచేసి గుమ్మం దగ్గరే ఉంచడం, అడిగినవాళ్ళకల్లా దాని నకలు చేతిలో పెట్టి పంపడం. ఆ తర్వాత ఎంత వాన కురిసినా సైటు చెక్కుచెదరలేదు.

ఆ ఉత్సాహంలో ఇంకో అడుగు ముందుకేసింది. వేళలు ఏళ్ళ తరబడి మారింది లేదు కదా అని, ఒకసారి చూసిన పేజీని వారంపాటు దాచుకొమ్మని జనం ఫోన్లకు కూడా చెప్పి పెట్టింది.

ఒక శనివారం పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఏటికి బజారు ఒక గట్టున, ఇళ్ళు అవతలి గట్టున. ఆ ఇళ్ళ వైపు రేవులో దీపాలు తీసేసి మెట్లు బాగుచేస్తారట. చీకటి పడ్డాక అక్కడ లాంచీ ఆనించడం కుదరదు. కాబట్టి సోమవారం నుంచి బజారు వైపు నుంచి బయల్దేరే ఆఖరి లాంచీ ఆరున్నరకు కాదు, ఆరింటికే. అది తప్పితే వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరేసరికి ఎవరి పిల్లలైనా నిద్రపోయి ఉంటారు.

సర్వరమ్మ పట్టికలో వేళ మార్చింది. సర్వర్లో ఉన్న పాత నకలు చెరిపేసింది. తన కంప్యూటర్లో ఆరు అని కనబడగానే కుర్చీలో వెనక్కి వాలింది.

"నీ సైటు నమ్మి ఒక్క మనిషి గట్టున మిగిలినా తిట్లు తినేది నేను," అన్నాడు మావయ్య.

"ఎవరూ మిగలరు మావయ్యా. నాదీ పూచీ."

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అత్తగారు ఫోను చూస్తూ, "అమ్మాయ్, ఇందులో ఆరున్నరే ఉందే," అంది. ఆవిడకు బజారులో కుట్టు దుకాణం ఉంది. రోజూ ఆఖరి లాంచీకే ఇల్లు చేరుతుంది.

సర్వరమ్మ ఫోను అందుకుని చూసింది. సర్వర్లోది చెరిపింది గానీ, ఇదివరకే జనం ఫోన్లలోకి వెళ్ళిపోయిన నకళ్ళను వెనక్కి పిలవడం ఆమె తరం కాదు. వారం తీరేదాకా ఆ ఫోన్లు సర్వర్ని అడగనే అడగవు. పేజీని వేలితో కిందికి లాగి వదిలితే కొత్తది వస్తుంది. లాగమని ఊరందరికీ ఎవరు చెబుతారు?

ఇకమీదట ఫోన్లు ప్రతిసారీ సర్వర్ని అడిగేలా అప్పటికప్పుడు మార్చింది. అయినా ముందు వెళ్ళినవి వెళ్ళినట్టే ఉన్నాయి. ఆ కంగారులో అత్తగారి ఫోనులో లాగే సంగతే మరిచి, నేరుగా రేవుకు నడిచింది. మావయ్య ఇంజను తుడుస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"పూచీ అన్నావే," అన్నాడు ఆయన తలెత్తకుండా.

"అన్నాను. అందుకే వచ్చాను. ఆఖరి లాంచీకి పావుగంట ముందు నువ్వు పొడుగ్గా హారన్ కొడతావు కదా, అది విని బజారులో తలుపులు వేస్తారు. రేపు దాన్ని అరగంట ముందుకు జరుపు."

"నా లాంచీకి అరుపు నేర్పుతున్నావా?"

"వేళ మారుస్తున్నాను. అరుపు నీదే."

ఆయన గుడ్డ దులిపాడు. "నీ కంప్యూటర్ కంటే నా గొంతే నయమని ఒప్పుకో, కొడతాను."

"ఒప్పుకున్నాను, కొట్టు."

సోమవారం సాయంత్రం ఇంకా వెలుగుండగానే హారన్ మోగింది. జనం గడియారాలు చూసుకుంటూ, మావయ్యకు మతి పోయిందనుకుంటూ వచ్చారు. సర్వరమ్మ రేవు మెట్ల దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ ఫోన్లలో పేజీని లాగించి చూపించింది. అందరూ ఎక్కారు, అత్తగారు తప్ప.

"మా అక్క ఏది?" అన్నాడు మావయ్య తాడు పట్టుకుని.

సర్వరమ్మ బజారు సందు వైపు చూసింది. పొద్దున తాను చెబితే సరేనన్న మనిషి. ఆరు కావస్తోంది. వెనక్కి పరుగెత్తబోయేంతలో సందు మలుపులో ఆవిడ కనబడింది. మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర.

"ఫోనులో ఇంకా ఆరున్నరే ఉంది," అంది రొప్పుతూ.

"పొద్దున చెప్పానుగా అత్తయ్యా."

"చెప్పావు. ఫోనులో పెట్టింది కూడా నువ్వేగా. నీ రెండు మాటల్లో ఏది నమ్మను?"

"మరెలా వచ్చావక్కా?"

"నీ హారన్ విన్నాక ఎప్పుడైనా కూర్చున్నానా? చేతిలో జాకెట్టు ముగించడానికే ఆలస్యమైంది."

లాంచీ కదిలింది. సర్వరమ్మ వెనక్కి తిరిగి గట్టు మొత్తం వెతికి చూసింది. ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. నీళ్ళ మీద గాలి హాయిగా ఉంది. అత్తగారి పక్కన చోటు చూసుకుని కూర్చుంది.

"ఎలా లాగాలో చూపించు," అంది ఆవిడ ఫోను చాపుతూ. నేర్చుకుని తన వేలితోనే లాగి వదిలింది. అంకె మారింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆరింటికేనటరా."

"ఇప్పుడు తెలిసిందా అక్కా," అన్నాడు మావయ్య చక్రం తిప్పుతూ. "మనం సగం ఏరు దాటేశాం."