నాయన విస్తరి

మహాలయ అమావాస్య నాడు, చనిపోయిన తండ్రి విస్తరిలో ఆయనకిష్టమైన గుడ్డు పెట్టాలా వద్దా అని అన్నదమ్ములు పేచీ పడ్డారు. తల్లి రామలక్ష్మమ్మ విస్తరి ముందు ఆయనకు పీట వేసి, గుడ్డు పెట్టేసి గది తలుపు మూసింది. పెద్దలు తిని పోయేదాకా బయట ఎవరూ నోరు మెదపకూడదు.

పెద్దవాడు నాగభూషణ ఉండబట్టలేకపోయాడు. "గుడ్డు వద్దని మీ పార్టీవోళ్ళు చెప్పినారా? దేశంలో ఎవరేం తినాలో మీరే చెప్తారా?"

"దేవుడే లేడంటారు మీ ఎర్రజెండావోళ్ళు. నాయన మాత్రం యాడ్నుంచి వస్తాడన్నా?" అన్నాడు చిన్నవాడు హర్ష.

మాటలు దేశద్రోహి, మతపిచ్చోడు దాకా పోయాయి. లోపల పీట జరిగిన చప్పుడు రామలక్ష్మమ్మకు మాత్రమే వినిపించింది.

తలుపు తీస్తే సంగటి ముద్ద వేలు పడకుండా అలాగే ఉంది. పీట గోడవైపు తిరిగి ఉంది.

అందరూ భోజనానికి కూర్చున్నాక ఆమె చెప్పింది.

"మీ నాయన తినకుండానే లేచిపోయినాడు. వచ్చే ఏడు ఈ పొద్దుకు మీరిద్దరూ ఇంట్లో ఉండొద్దు. ఆయనకు నేనొక్కదాన్నే పెట్టుకుంటా."