వకుళకు నాలుగేళ్లు

మందమర్రిలో తెల్లచొక్కా ఉతకడమంటే ఏమిటో తొడుక్కునేవాళ్లకు తెలియదు. మధుసూదన్‌రావు గనిలోకి దిగే మనిషి కాడు. గనుల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని జీతాల పట్టీలు రాసే పెద్దగుమాస్తా. అయినా సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాలరు లోపల నల్లటి గీత ఉండనే ఉంటుంది. ఆ గీత పోవాలంటే సబ్బు రాసి, నానబెట్టి, బొటనవేలి గోరుతో గీకి, మళ్లీ సబ్బు రాయాలి. వారానికి ఆరు చొక్కాలు. పదకొండేళ్లుగా ప్రమోదిని ఆ పని చేస్తోంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి గీత సరిగ్గా పోలేదని ఆయన ఆరిన చొక్కాను దండెం మీంచి తీసి, ఆమె చూస్తుండగానే మళ్లీ బకెట్లో వేసి వెళ్లిపోయాడు. ఒక్క మాట కూడా అనలేదు. పెళ్లాన్ని పల్లెత్తు మాట అనడని కాలనీలో ఆయనకు మంచిపేరు. నిజమే, అనడు.

ఆ వారం మాత్రం ఆమె చొక్కాలు ఉతుకుతూ కూనిరాగం తీస్తోంది. ఎందుకంటే వారంరోజుల కిందట అన్నం తింటూ ఆయన, కట్టిన ఇన్‌కమ్ టాక్స్‌లో కొంత వాపసు వచ్చిందని, వందకు పైచిలుకేనని, ఆ డబ్బుతో అందరం హైదరాబాద్ పోయి అయిదురోజులుండి వద్దామని ప్రకటించాడు. కొడుకు భూపాల్ కంచం దగ్గరే ఎగిరి గంతేశాడు. వాడికి జూలో సింహాన్ని చూడాలని ఉంది. అత్తగారికి మ్యూజియంలో గంట కొట్టే బొమ్మల గడియారాన్ని చూడాలని ఉంది. ప్రమోదినిని ఏం చూస్తావని ఎవరూ అడగలేదు. నారాయణగూడలోని ఆయన పినతండ్రి కొడుకు మాత్రం తిరుగు టపాలో, "వదిన వస్తున్నది గనుక వంటకు ఫికర్ లేదు, మా వంటమనిషికి ఆ అయిదురోజులు సెలవిచ్చినం" అని రాశాడు. అది చదివి ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వంట ఎక్కడైనా వంటే. కరీంనగర్‌లో పుట్టి పెరిగి, ముప్పై ఏళ్లొచ్చినా హైదరాబాద్ చూడలేదు. పోనీ, పొద్దంతా రైల్లో కిటికీ పక్కన కూర్చోవచ్చు, ఎవరూ మంచినీళ్లు తెమ్మనరు. ఆ మాత్రం ఆశకే కూనిరాగం వచ్చింది పిచ్చిదానికి.

మంగళవారం నాడు ఎప్పటిలాగే నీళ్లలో ముంచే ముందు జేబులు తడిమింది. నాలుగు మడతల కాగితం తగిలింది. నీలంరంగు కార్బన్ అక్షరాలు, అంతా ఇంగ్లీషు. ఆయన కాగితాలు ఆమె చదవదు. చదవకూడదని ఎవరూ అనలేదు కానీ, "నీకు తెల్వదులే" అనే మాట పదకొండేళ్లు వింటే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. అలాగే పక్కన పెట్టబోతుంటే మధ్యలో కొడుకు పేరు కనబడింది. కరీంనగర్ ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు, తుప్పు పట్టినా పూర్తిగా పోలేదు. భూపాల్‌రావు, కొడుకు, పదేళ్లు. దాని కింద ఇంకో వరుస ఉంది. కూతురు. నాలుగేళ్లు. పేరు దగ్గర ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. వి, ఎ, కె, యు, ఎల్, ఎ.

చేతిలోని సబ్బు జారి కాలువలో పడింది. తీయడానికి వంగలేదు.

నాలుగేళ్ల కిందట ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పదిహేడురోజులుంది. ఇరవై ఒకటోనాడు తొట్టెలలో వేసి పేరు పెట్టాలని అనుకున్నారు, అంతదాకా బతకలేదు. జ్వరం ముదిరి పిల్ల కళ్లు తేలేస్తున్న సాయంత్రం ప్రమోదిని భర్త చెయ్యి పట్టుకుంది. పేరు లేకుండా పోనీయవద్దని, చెవిలో ఒక్కసారి వకుళా అని పిలవమని బతిమాలింది. వకుళ అంటే పొగడపువ్వు. ఆమె చదివిన బడి ఆవరణలో పొగడచెట్టు ఉండేది, రాలిన పూలు పిల్లలంతా దారాలకు గుచ్చుకునేవాళ్లు. ఆమె బతుకులో తనదంటూ ఉన్న సంతోషం ఆ చెట్టు కిందే. ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "ఇప్పుడు పేరెందుకు?" అని వాకిట్లోకి వెళ్లాడు. తెల్లారకముందే పిల్ల పోయింది. పనికొచ్చే కొమురవ్వ కన్నీళ్లు తుడుచుకుంటూ ఆ చిన్న ప్రాణాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చింది. పాలు ఎండిపోవడానికి మూడురోజులు తల్లి రొమ్ములకు మల్లెపూలు కట్టింది కూడా కొమురవ్వే. "పోయినదాని ముచ్చట ఇంట్ల తియ్యద్దు, ఉన్నోడు సల్లగుండాలె" అన్నది అత్తగారు. నాలుగోరోజు నుంచి మళ్లీ తెల్లచొక్కాలు. ఆనాటి నుంచి ప్రమోదిని తలలో మల్లెపూలు పెట్టుకోదు. ఎందుకు పెట్టుకోవని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పేరెందుకన్నాడే గానీ ఆ పేరేమిటో ఆయన వినిపించుకోలేదనే ఆమె ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. కంగారులో ఉన్న మనిషి, చెవిన పడి ఉండదు అనుకుంది. ఇప్పుడు చూస్తే విన్నాడు. వినడమే కాదు, నాలుగేళ్లు జ్ఞాపకం పెట్టుకున్నాడు. ఒక్కనాడు కూడా ఆమె ముందు ఆ పేరు అనలేదు. తల్లి అడిగితే దొరకని పేరు సర్కారు అడిగితే దొరికింది. అది పన్ను వాపసుకు ఆయన పెట్టుకున్న అర్జీ నకలు, దాని అడుగున గడిచిన ఏళ్ల లెక్కలో పిల్ల ఏడాదికో వరుస చొప్పున పెరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కో వయసుకూ ఎదురుగా ఇంత రాయితీ అని అంకె. పిల్ల పుట్టినప్పుడు రాయించిన కాగితం ఉంది, పోయినప్పుడు ఎవరూ ఏ కాగితమూ రాయించలేదు. ఇద్దరు పిల్లలున్నవాళ్లకు పన్ను తగ్గుతుందని ఆఫీసులో రామచంద్రం చెప్పాడని ఆయన వేసవిలో ఎప్పుడో అన్నాడు. అప్పుడామె పప్పు రుబ్బుతోంది, పట్టించుకోలేదు. తన బిడ్డ మీద వచ్చిన డబ్బుతో తామంతా సింహాన్ని చూడబోతున్నారు. ప్రమోదినికి ఏడుపు రాలేదు. రొమ్ముల్లో, ఆ మల్లెపూలు కట్టినప్పుడు నొప్పిపుట్టినట్టు నొప్పిపుట్టింది.

కాగితాన్ని మడిచి ఎప్పుడూ పెట్టే చోటే, ఆయన కళ్లద్దాల పెట్టె కింద పెట్టింది. రాత్రి వడ్డిస్తూ ఒక్కటే అడిగింది.

"వాపసు ఎందుకిచ్చిన్రట?"

ఆయన తల ఎత్తలేదు. "లెక్క తప్పింది వాళ్లది. గవన్ని నీకు తెల్వదులే."

చెబుతాడేమోనని ఆమె గరిటె పట్టుకుని కాసేపు నిలబడింది. చెప్పి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. బహుశా పక్కన కూర్చుని ఏడ్చేది. ఇద్దరూ కలిసి ఒక్కసారైనా ఏడ్చేవాళ్లు, అంతటితో అయిపోయేది. ఆయన మజ్జిగ అడిగాడు. పోసింది.

ఆ తర్వాత నాలుగురోజులూ ప్రయాణం పనులే. సకినాలు చుట్టింది, కారప్పొడి దంచింది, అత్తగారి మోకాళ్ల నూనె కాచింది, చుట్టాలింటికి పచ్చడి జాడీ కట్టింది. చేతులు పని చేస్తుంటే మనసు మాత్రం ఇంకో పిల్ల వెంట తిరిగింది. నాలుగేళ్లంటే ఎంత ఎత్తుంటుంది? రోకలికి సగం. రెండు జడలకు సరిపడా జుట్టు వచ్చేదా, ఒక్క పిలకేనా? సకినాల పిండి అడిగి వేలికి చుట్టుకుని ఆడేదేమో. కాగితం మీద పెరిగిన పిల్ల ఆమె మనసులో కూడా అన్నేళ్లు గుట్టుగా పెరుగుతూనే ఉందని అప్పుడు తెలిసింది. ఆ సంగతిని ఇన్నాళ్లూ ఆమె తనకు తానే తెలియకుండా దాచుకుంది.

ఆదివారం పొద్దున స్టేషన్‌లో టికెట్ల కిటికీ ముందు మగవాళ్ల వరుస బయటిదాకా ఉంది. ఆడవాళ్ల వరుసలో ఇద్దరే ఉన్నారు. మామూలప్పుడు ఆడదానికి డబ్బు లెక్క తెలియదు, ఇలాంటప్పుడు మాత్రం తెలుస్తుంది. మధుసూదన్‌రావు నోట్లు ఆమె చేతిలో పెట్టి, మూడు నిండువి, ఒక అర టికెట్ తెమ్మన్నాడు, చిల్లర పైలమన్నాడు.

కిటికీ లోపలి మనిషి తల ఎత్తకుండానే, "ఎన్ని?" అన్నాడు.

"మూడు నిండువి."

"పిల్లలు?"

"ఇద్దరు," అన్నది ప్రమోదిని.

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. లోపలి మనిషి వయసులు అడిగాడు. పెద్దోడికి పది, చిన్నదానికి నాలుగు అని చెప్పింది. అతను నమ్మాడు. ఇంత సులువా అనుకుంది ఆమె. అతను అయిదు టికెట్లు, కొంత చిల్లర ఇవతలికి తోశాడు.

ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి చిల్లర రెండుసార్లు లెక్కబెట్టాడు. టికెట్లు విప్పి చూశాడు.

"అర టికెట్లు రెండిచ్చిండు. తప్పువడ్డది. పోయి వాపసిచ్చి రా."

"తప్పువడలే. నేనే అడిగిన."

"ఎవరికి?"

"వకుళకు," అన్నది ప్రమోదిని. గొంతు పెంచలేదు. "మూడు దాటితే టికెట్ తీస్కోవాలె గద. దానికి నాలుగు నిండినయి. మీరే రాసిన్రు."

మధుసూదన్‌రావు చుట్టూ చూశాడు. ఆఫీసువాళ్లెవరైనా విన్నారేమోనని ముందు చూశాడు. ఆ తర్వాతే భార్యను చూశాడు. నోరు తెరిచాడు గానీ, పదకొండేళ్లుగా అలవాటుగా నోటికందే "నీకు తెల్వదులే" అన్న మాట ఆ పూట అందలేదు.

పెట్టె మీద కూర్చున్న అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరే ఆ వకుళ?" అన్నది.

ప్రమోదిని భర్త వైపు చూస్తూ నిలబడింది. బండి దూరంగా కూత వేసింది. కూలీలు లేచారు, జనం కదిలారు, భూపాల్ బండి వస్తున్నదని కేకలు పెట్టాడు. ఆమె కదలలేదు. నాలుగేళ్ల కిందట చెవిలో ఒక్కసారి పిలవమని అడిగితే పిలవని మనిషికి, ఇప్పుడు పదిమందిలో తల్లికి చెప్పాల్సి వచ్చింది.

"మన పిల్లనే అమ్మా," అన్నాడు ఆయన చివరికి. "పోయిన పిల్ల. దాని పేరు."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బండెక్కారు. ప్రమోదిని ఎవరికీ ఏమీ సర్దకుండా నేరుగా వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. తనకూ కొడుకుకూ మధ్య జానెడు కంటే కొంచెం ఎక్కువ చోటు వదిలింది. మందమర్రి పొగ, బొగ్గు కుప్పలు వెనక్కి పోయాయి. కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. తుడుచుకోలేదు. పైన చోటు లేక మధుసూదన్‌రావు పచ్చడి జాడీ బుట్టను తెచ్చి ఆమె పక్కనున్న ఖాళీలో పెట్టబోయాడు.

"అక్కడ పెట్టకున్రి," అన్నది ప్రమోదిని, కిటికీలోంచి తల తిప్పకుండానే. "ఆ జాగకు టికెట్ ఉన్నది."