మేం చెయ్యని కాన్పులు

సుధ చనిపోయింది మధ్యాహ్నం రెండున్నరకు. డాక్టరమ్మ వచ్చింది నాలుగింటికి. అంతకుముందు జరిగింది నా కళ్ళతో చూశాను. అందుకే చెబుతున్నాను.

హిందూపురంలో జయరాముడికి ఒక నర్సింగ్ హోం, దాని వెనకే ఒక నర్సింగ్ కాలేజీ ఉన్నాయి. అందులో ఆఖరి సంవత్సరం పిల్లలం ముప్ఫై ఎనిమిది మందిమి. గొర్రెలు కాసేవాళ్ళ బిడ్డలం, కూలివాళ్ళ బిడ్డలం. కాన్పులు చెయ్యడం నేర్చుకుందామని వచ్చాం. ఆయన మాచేత వార్డులు తుడిపించాడు, రక్తం గుడ్డలు ఉతికించాడు. మేమంతా ఊరికే దొరుకుతుంటే ఇక నర్సుల్ని పెట్టుకోవడం దేనికి?

ఆరోజు కాన్పుల గదిలో పావని ఒక్కతే ఉంది. రొళ్ల పక్క పల్లె పిల్ల. సుధ ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి కోడలు. బిడ్డ క్షేమంగా పుట్టింది. మాయ కూడా పడింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. పావని రెండు చేతులతో పొత్తికడుపు అదుముతూ నన్ను కేకేసింది.

"డాక్టరమ్మకు ఫోన్ చెయ్ మే! రక్తం ఆపే సూది మందు బీరువాలో ఉండాది, తాళం ఆమె కాడుంది!"

ఐదుసార్లు చేశాను. ఎత్తలేదు. జయరాముడి గదికి పరిగెత్తాను.

"సార్, రక్తం ఆగడంల్యా. పెద్దాసుపత్రికి పంపిద్దాం సార్."

"ఈడనుంచి కేసు బయటికి పోతే రేపు మన గడప ఎవురు తొక్కుతారు? డాక్టరమ్మ వస్తాంది. పోయి పని సూడు."

అంబులెన్సుకు నేనే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. మూడేళ్ళుగా ఆయన చెప్పిందే చేసి చేసి, నాకు నేనుగా వేలు కదపడం మరిచిపోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున జయరాముడు ఒక కాగితం పట్టుకుని క్లాసుకొచ్చాడు. పావని ఎవరినీ అడగకుండా సూది వేసిందనీ, దానివల్లే సుధ చనిపోయిందనీ అందులో రాసి ఉంది.

"అందరూ సంతకాలు పెట్టండి. మీ కేసు పుస్తకాలు నా చేతిలో ఉండాయి, మర్సిపోవాకండి."

ఇరవై కాన్పులు చేసినట్టు ఆ పుస్తకంలో ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. మేం చేసినవి మూడో నాలుగో. మిగతావన్నీ ఆయన చెప్పిన పేర్లతో మేమే కూర్చుని రాసినవి. లేని తల్లులు, లేని బిడ్డలు.

హాస్టలు భోజనాల గదిలో తలుపులేసుకుని కూర్చున్నాం.

"మా ఇంట్లో పది దాటింది నేనొక్కదాన్నే. పుస్తకం పోతే నా సదువు పోతాది," అని రాధ ఏడ్చింది.

"పావని పోతే పర్వాల్యా?" యశోద గట్టిగా అరిచింది.

అప్పటిదాకా నోరు విప్పని పావని లేచింది. "ఆ సూది నేను ఎయ్యలేదు మే. ఏసుంటే ఆమె బతుకుతా ఉండె! సంతకం పెట్టి నర్సులైతే కండి. రేపు ఇంకో సుధ మీ సేతుల్లోకి వస్తాది. అప్పుడు మీకు వచ్చిండే కాన్పులెన్ని? మూడా, ఇరవయ్యా?"

రాధే మొదట లేచింది. ఆఫీసు గదికి పోయి, అడ్డమొచ్చిన గుమాస్తాను తోసి, పుస్తకాల కట్ట భుజానికెత్తుకుంది. ఆమె వెనక మేమందరం.

గేటు దగ్గర సుధ అత్త నరసక్క, రెండు టెంపోల నిండా మగ్గాలవాళ్ళు. మా వెనకే వచ్చిన జయరాముడు పావని వైపు వేలు చూపించాడు. "అదిగో, మీ కోడల్ని సంపింది అదే!"

నరసక్క పావని జుట్టు పట్టుకుంది. పావని విడిపించుకోలేదు. "కొట్టమ్మా. కానీ మందు బీరువాకు తాళమేసుకుని పోయిందెవురో, పెద్దాసుపత్రికి పంపొద్దనిందెవురో ముందు అడుగు."

నరసక్క చెయ్యి జారింది. జయరాముడి వైపు తిరిగింది.

"ఏమప్పా, తాళం యాడుండె?"

ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

అవే టెంపోల్లో నరసక్కవాళ్ళతో కలిసి పెనుకొండకు పోయాం. సబ్ కలెక్టరు ఆఫీసు ముందు మెట్ల మీద బైఠాయించాం. అప్పటికే పావని మీద జయరాముడి ఫిర్యాదు పోలీసులకు చేరింది. పోలీసులు పావనిని జీపు ఎక్కించారు. నరసక్క జీపుకు అడ్డంగా కూర్చుంది. "నా కోడలు కోసం కడదాకా కొట్లాడింది ఈ పాపొక్కతే. కావాలంటే నన్నెక్కించండి!" ఆమెను పక్కకు ఈడ్చేసి జీపు వెళ్ళిపోయింది.

అధికారి బయటికొచ్చి పుస్తకాలు తిరగేశాడు. "ఇవి దొంగ రాతలని మీరే ఒప్పుకుంటే మీ మీదా కేసవుతుంది. తెలుసా?"

"రాసుకోండి సార్," అంది రాధ. కళ్ళల్లో తడి లేదు. "నా పేరు రాధ. దొంగ కాన్పులు పదహారు. రాయించింది జయరాముడు."

"యశోద. పదిహేడు."

"నీలావతి. పదిహేడు."

ముప్ఫై ఏడుగురం చెప్పాం. అధికారి గుమాస్తా రాయలేక రెండుసార్లు చెయ్యి విదిలించుకున్నాడు. పావనిని వదిలేదాకా మెట్లు దిగబోమని చెప్పాం.

మూడోరోజుకీ దిగలేదు. ఆ పొద్దున కదిరి బస్సు దిగి, తెల్లకోట్లు తొడుక్కున్న ఐదుగురు నర్సింగు పిల్లలు బెదురు బెదురుగా మా దగ్గరికి వచ్చారు. ముందున్న అమ్మాయి చంకలో మావాటిలాంటివే కేసు పుస్తకాల కట్ట ఉంది.

"అక్కా, మావి యాడ ఇయ్యల్ల?"